అత్తగారు నలభై ఒకటి, బావమరిది ఇరవై ఆరు

ఇంటి వరండా,
జూన్ 4

డాక్టరమ్మ గారికి నమస్కారం.

నా రాత బాగుండదు, క్షమించాలి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. అక్షరాలు వరసలో నిలబడవు. ఒత్తులు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడతాయి. ఫోను చెయ్యమని మీరు నంబరు రాశారు. ఫోనులో నాకు నోరు పెగలదు. అవతలి మనిషి హలో అనేసరికి చెప్పాలనుకున్నది మరిచిపోతాను. అందుకని కాగితమే.

పాత అలమరలో నా రిజిస్టరు దొరికిందని రాశారు. ఏడో పేజీలో 'అత్తగారు 41, మామగారు 12, బావమరిది 26' అని ఉందట, అది ఏ పెళ్ళికి వచ్చినవాళ్ళ లెక్కో చెప్పమన్నారు. పెళ్ళి కాదమ్మా. అది ఊపిరితిత్తుల్లో కణాలు చచ్చిన లెక్క.

ముప్ఫై ఏళ్ళు నేను మీ గదిలోనే పనిచేశాను. మైనంలో పెట్టిన ముక్కలు పలచగా కొయ్యడం, స్లైడు మీదికి ఎక్కించి రంగు వెయ్యడం నా పని. పెద్ద డాక్టరు గారు ఎలుకల ఊపిరితిత్తుల్లో వాపు తెప్పించి, ఆ వాపులో కణాలు ఎలా చస్తాయో చూసేవారు. "ఎన్ని చచ్చాయని కాదోయ్, ఎలా చచ్చాయో చూడు" అనేవారు. ఆయన చెప్పిన పేర్లు నాకు నోరు తిరగలేదు. ఒకదానికి ఇంకోటి రాసేసేవాణ్ణి. రెండుసార్లు తిట్టారు. మూడోసారి, "నీకు మరుపు రాని పేర్లేవో నువ్వే పెట్టుకో" అన్నారు. నాకు మరుపు రానివాళ్ళు అత్తవారింటివాళ్ళే.

మామగారు అంటే, కణం ముడుచుకుంటుంది. లోపలి గింజ నల్లబడి చిన్న చిన్న మూటలవుతుంది. ఊడ్చే కణం వచ్చి ఆ మూటలు మింగేస్తుంది. పక్కవాళ్ళకి తెలియదు. మా మామగారూ అంతే. ఎవరింటికైనా వెళ్తే, తిరిగి వెళ్ళిపోయాక గాని వచ్చారని తెలిసేది కాదు.

అత్తగారు అంటే, ఉబ్బుతుంది, ఉబ్బుతుంది, పగులుతుంది. లోపలున్నదంతా వీధిన పడుతుంది. జనం పోగవుతారు. పోగైనవాళ్ళలోనూ కొందరు ఉబ్బుతారు. ఇంతకన్నా రాయను. ఆవిడకి తొంభై దాటాయి. పక్క గదిలోనే ఉన్నారు.

బావమరిది అంటే, తెల్లకణం తన లోపలి దారాన్ని బయటికి విసిరినట్టు కనపడితే అలా రాసేవాణ్ణి. మావాడికి వలేసి చేపలు పట్టే పిచ్చి. ఆ గడి అంత ముఖ్యం కాదు. వదిలెయ్యండి.

ఇంతే నాకు తెలిసింది.

ముక్కలు కోసే మనిషి

*

కణజాల గది, రెండో అంతస్తు,
జూన్ 15

పెద్దాయన గారికి,

మీ ఉత్తరం చదివి ఎంత గట్టిగా నవ్వానంటే కింది అంతస్తు గుమాస్తా పరుగున వచ్చి "ఏం పగిలింది మేడం?" అని అడిగాడు. "అత్తగారు" అన్నాను. ఆయన వచ్చినంత వేగంగానూ దిగిపోయాడు. ఇంట్లో అనుభవం ఉన్నట్టుంది.

మీరు వదిలెయ్యమన్న గడినే నేను పట్టుకున్నాను. మీరు ఆ మూడో గడి గీసిన నాటికి అలాంటి చావు ఒకటుందని ఏ పుస్తకంలోనూ లేదు, తెలుసా? చాలా ఏళ్ళ తర్వాత బయటపడింది. తెల్లకణం సూక్ష్మజీవుల్ని పట్టడానికి తన గింజలో, అంటే కేంద్రకంలో, చుట్టి ఉన్న దారాన్నే విప్పి వలలా విసురుతుంది, విసిరి తానూ చస్తుంది. వల మంచికే. కానీ వాపు ముదిరినప్పుడు ఆ వలలు ఎక్కువైపోయి, ఊపిరితిత్తుల్లోని గాలి గదుల పలచటి గోడలకే చుట్టుకుంటాయి. గోడల్లోని కణాలు చస్తాయి, గదుల్లోకి నీరు ఊరుతుంది, మనిషికి ఊపిరి అందదు. ఆ వలని తెంచే మందు కోసమే నేను ఈ గదిలో కూర్చున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ గది ఖాళీ చెయ్యమంటున్నారు. మీరు కోసిన స్లైడ్లు, మైనం దిమ్మలు, నాలుగు అలమరలూ చెత్తకి వెళ్తాయి. వాటి స్థానంలో పొడవాటి బల్ల, ఇరవై కుర్చీలు వేసి సమావేశాల గది చేస్తారట. సెప్టెంబరు పదిన కమిటీ ముందు నిలబడి, పాతవి ఎందుకు ఉంచాలో నేను చెప్పాలి. ఏం చెప్పాలో తెలియక గోళ్ళు కొరుక్కుంటున్న వారంలో మీ రిజిస్టరు దొరికింది. పుస్తకాల కన్నా ముందు ఈ గదిలో ఒక మనిషి ఆ వలని చూశాడు, లెక్కపెట్టాడు! దీని తర్వాత కుర్చీలు ఎలా వేస్తారో నేనూ చూస్తాను.

మిమ్మల్ని బాబాయ్ అని పిలవచ్చా? పెద్దాయన గారు అంటుంటే అర్జీ పెట్టుకుంటున్నట్టుంది.

మీ డాక్టరమ్మ

*

ఇంటి వరండా,
జూన్ 27

అమ్మాయికి,

బాబాయ్ అనే పిలువు. సంతోషం.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మా బావమరిది ఇక్కడే ఉన్నాడు. కళ్ళజోడు నాది పెట్టుకుని, నాకన్నా ముందు చదివేశాడు.

"బావా, ఊపిరితిత్తుల్లో నా పేరు పెట్టావా?"

"పెట్టానురా."

"మరి ఇన్నేళ్ళు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

ఆ సాయంత్రమే మంగలి షాపుకి వెళ్ళి చెప్పాడు. మర్నాడు కూరగాయల సందులో చెప్పాడు. నిన్న ఎవరో నన్ను ఆపి, "మీ బావమరిది ఏదో కనిపెట్టారట కదండీ" అన్నారు.

ఆ గడి గురించి కమిటీలో మరీ గట్టిగా చెప్పకమ్మా. పాత రిజిస్టరు. పాత కళ్ళు. మామగారి గురించి, అత్తగారి గురించి చెప్పు. అవి గట్టివి.

బాబాయ్

కింద రాస్తున్నది నేను, ఆయన భార్యని. మా అమ్మని ఎలుకల పుస్తకంలోకి ఎక్కించిన సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. మా అమ్మకి చదివి వినిపించాను, ఈయన పెరట్లోకి పారిపోయారు. అమ్మ అంతా విని, "నలభై ఒక్కసారేనా పగిలాను? తక్కువ రాశాడు" అంది. నువ్వు మంచి పిల్లలా ఉన్నావు. ఈయన ఈమధ్య సరిగ్గా తినడం లేదు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచే. ఎందుకో అడిగితే చెప్పరు. నువ్వడుగు.

*

కణజాల గది,
జూలై 10

బాబాయ్‌కి,

ఎందుకు తినడం లేదు? పిన్ని అడగమంది, అడిగాను. నా తరఫున మీ అత్తగారికి ఒక నమస్కారం. ఆవిణ్ణి కమిటీలో వేస్తే నాకు ఉపన్యాసమే అక్కర్లేదు.

నిన్నొక సంగతి చూసి మీరే గుర్తొచ్చారు. వాపు ఎక్కువైన ఊపిరితిత్తిలో ఊడ్చే కణాలు అలిసిపోతాయి, సరిపోవు. మామగారు మర్యాదగా మూటలు కట్టుకుని గుమ్మంలో కూర్చుంటారు. తీసుకెళ్ళేవాళ్ళు రారు. రెండు రోజులకి ఆ మూటలూ పగిలి, లోపలివన్నీ బయటపడి, మళ్ళీ జనం. అంటే ఎంతటి మామగారైనా సరే, ఎవరూ పట్టించుకోకపోతే చివరికి అత్తగారవుతారు. ఇది మా పెద్ద పుస్తకాల్లో పన్నెండు పేజీలు. మీ భాషలో ఒక్క ముక్క.

ఉపన్యాసం సగం అయింది. మొదటి బొమ్మ మీ ఏడో పేజీ. రెండో బొమ్మ మీ స్లైడు, ఆ నీలం దారాలు పెద్దవి చేసి. మూడోది మీ బావమరిది ఫోటో. తప్పకుండా పంపండి, వల పట్టుకున్నది ఉంటే మరీ మంచిది. మీరేమో గట్టిగా చెప్పద్దంటారు. నేను గోడలు అదిరేలా చెప్తాను.

ఒక్కటే కావాలి. ఆ రోజు గురించి రాయండి. ఆ ముక్కలు చేతికొచ్చిన రోజు. వాతావరణం ఏమిటి, గదిలో ఎవరున్నారు, మీరేం చేశారు, అన్నీ. కమిటీవాళ్ళకి అంకెల కన్నా కథ ఎక్కువ గుర్తుంటుంది.

మీ డాక్టరమ్మ

*

ఇంటి వరండా,
జూలై 24

అమ్మాయీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. "కాగితాలు నములుతున్నారా ఏం?" అంది నా భార్య.

ఆ రోజు సంగతి అడిగావు. చెప్తాను.

ఆ రోజు ఇంటిల్లిపాదీ ఫోటో తీయించుకోవాలని స్టూడియోలో నాలుగింటికి టైము తీసుకున్నాం. మూడున్నరకే అత్తగారు మన భవనం గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆవిడ వెనక మామగారు, నా భార్య, బావమరిది. వాచ్‌మన్ రెండుసార్లు పైకొచ్చాడు. రెండోసారి, "అయ్యా, ఆ పెద్దావిడ నన్ను పేరు పెట్టి తిడుతున్నారు. ఆవిడకి నా పేరెలా తెలిసింది?" అన్నాడు.

నా ముందు ఆరు ఎలుకల కుడి ఊపిరితిత్తుల ముక్కలున్నాయి. అప్పుడే తీసినవి. ఊపిరితిత్తి నిండా గాలి కదా. ముక్క కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ మందులో వేస్తే మునగదు, తేలుతుంది. తేలిన వైపు మందు ఎక్కదు, పాడవుతుంది. పైన తడి గుడ్డ కప్పి, దాని మీద గాజు మూత పెట్టి, గాలి వదిలి మునిగేదాకా కూర్చోవాలి. గంట పడుతుంది. నేను కూర్చోలేదు. పట్టకారుతో నొక్కాను. తడి బట్ట పిండినట్టు ఒక్కో ముక్కనీ నొక్కి, గాలి తీసి ముంచాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఫోటోకి వెళ్ళాం. ఫోటోలో నేను నవ్వుతూ కూడా ఉన్నాను.

తర్వాతి వారం స్లైడ్లలో నీలం దారాలు కనపడ్డాయి. కొత్త రకం చావనుకున్నాను. పెద్ద డాక్టరు గారికి చూపిస్తే, "రాసి ఉంచు, తీరిగ్గా చూద్దాం" అన్నారు. తీరిక రాలేదు ఆయనకి.

ఆయన పోయిన తర్వాత నాలుగేళ్ళకి, ఒక మాస్టారు పిల్లలకి పాఠం చెప్తూ పాడైన స్లైడొకటి చూపించారు. "పచ్చి ముక్కని పట్టకారుతో నొక్కితే కణాల గింజలు చితికి ఇలా దారాల్లా సాగుతాయి. చూసి జబ్బనుకోకండి, ఇది మనిషి చేసిన పాడు" అన్నారు. నేను వెనకాల సీసాలు కడుగుతున్నాను. కడిగిన సీసానే మళ్ళీ మళ్ళీ కడిగాను.

ఆ గడిని ఎవరూ వాడలేదు కదా, ఎవరికి చెప్పాలి అనుకున్నాను. ఇప్పుడు నువ్వు వాడుతున్నావు. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. వదిలెయ్యండి అన్నాను. అది చెప్పినట్టు కాదు. తర్వాత నువ్వు బాబాయ్ అన్నావు. ఇక నోరు రాలేదు.

అవి వలలు కాకపోవచ్చు. నేను చిదిమినవి కావచ్చు. గది పోతే పోయిందని నేను అనలేను. కానీ ఆ బొమ్మ చూపించకు.

బావమరిదికి ఇంకా చెప్పలేదు. మంగలి షాపులో వాడికి ఇప్పుడు వరసలో ముందు చోటిస్తున్నారు.

బాబాయ్

*

కణజాల గది,
ఆగస్టు 2

గౌరవనీయులైన పెద్దాయన గారికి,

మీ ఉత్తరం అందింది. వివరాలకు కృతజ్ఞతలు.

ఉపన్యాసంలో ఆ భాగం తీసేశాను. అది తీసేస్తే మొదట్లో నమస్కారమూ, చివర్లో ధన్యవాదాలూ మిగిలాయి.

స్లైడ్లు మళ్ళీ చూశాను. దారాలు చాలావరకు ముక్క అంచునే ఉన్నాయి. అన్నీ ఒకే వైపుకి సాగి ఉన్నాయి. ఎవరైనా నా దగ్గరికి అలాంటి స్లైడు తెస్తే, మొదటి చూపులోనే వెనక్కి పంపేదాన్ని. ఇది పంపలేదు. అది వల అయితే బాగుండునని నా కళ్ళు ముందే తీర్మానించుకున్నాయి. కనక తప్పంతా మీదే అనడం లేదు.

కానీ 'వదిలెయ్యండి' అన్నదానికీ 'నొక్కాను' అన్నదానికీ మధ్య యాభై రోజులు. ఆ యాభై రోజుల్లో నేను ముగ్గురు పెద్దవాళ్ళకి ఫోను చేసి గొప్పలు చెప్పాను. ఇప్పుడు వాళ్ళకి మళ్ళీ ఫోను చెయ్యాలి. మీకొక్కరికే కాదు ఫోనులో నోరు పెగలనిది.

ఫోటో పంపనక్కర్లేదు.

ఇట్లు,
పరిశోధకురాలు, కణజాల గది

*

ఇంటి వరండా,
ఆగస్టు 9

డాక్టరమ్మ గారికి నమస్కారం.

తిట్టారు. తిట్టాల్సిందే. ఇంకో నాలుగు తిట్టి ఉండాల్సిందని నా భార్య అంటోంది. మిగిలినవి తనే తిట్టింది.

ఒక సంగతి గుర్తొచ్చింది. నేను నొక్కింది కుడివి. ఎడమవి పచ్చిగా ఉన్నప్పుడు పెద్ద డాక్టరు గారు నా చేతికిచ్చేవారు కాదు. గాలిగొట్టంలో సన్నటి గొట్టం పెట్టి, లోపలికి ఫార్మలిన్ పోసి బెలూన్‌లా నింపేవారు. నిండినది తేలదు. తేలనిదాన్ని నొక్కే పని లేదు. అవే ఆరు ఎలుకలు. అదే వాపు. అదే రోజు.

తర్వాత వాటిని మైనంలో పెట్టాను గాని కొయ్యలేదు. మూడో అలమర, కింది సొరుగు, వెనక మూల చూడండి. దిమ్మ మీద ఎలుక నంబరు, పక్కన 'ఎ' అని ఉంటుంది. వాటిలో దారాలుంటే బావమరిది ఉన్నట్టు. లేకపోతే లేడు. ఏదైనా సరే తెలుస్తుంది.

పాత మైనం పెళుసుగా ఉంటుంది. మంచు మీద చల్లబెట్టి కొయ్యాలి. కోసే ముందు దిమ్మ ముఖం మీద నోటితో ఒక్కసారి ఊపిరి వదలాలి, అద్దం తుడిచేటప్పుడు వదులుతామే, అలా. ఎక్కువైతే మెత్తబడుతుంది. తక్కువైతే పొడవుతుంది. సరిపోతే ముక్క రిబ్బనులా నడిచి వస్తుంది.

ముక్కలు కోసే మనిషి

*

కణజాల గది,
ఆగస్టు 18

బాబాయ్ గారికి,

సొరుగు లాగితే రాలేదు. నేనూ గుమాస్తా కలిసి లాగాం. వచ్చింది, సొరుగుతో పాటు మేమిద్దరం కూడా వెనక్కి వచ్చాం. ఆరు దిమ్మలూ ఉన్నాయి. పక్కన 'ఎ' ఉంది. మీరు రాత బాగుండదంటారు గాని ఆ 'ఎ' ముత్యంలా ఉంది.

మొదటి దిమ్మ కోశాను. ముక్కలు రాలేదు, పిండి వచ్చింది. రెండో దానిమీద ఊపిరి ఎక్కువైంది, ముద్దయింది. మళ్ళీ చల్లబెట్టి, మళ్ళీ ఊదుతుంటే గుమాస్తా తలుపు దగ్గర నిలబడి, "పుట్టినరోజా మేడం? కొవ్వొత్తి ఆరడం లేదా?" అన్నాడు. యంత్రం ఆపేశాను. మిగిలిన నాలుగూ ముట్టుకోను. నా ఊపిరికి ఆ లెక్క తెలియదు. మీ ఊపిరికి తెలుసు.

మీరు రావాలి.

మాట్లాడక్కర్లేదు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. గదిలో కోత యంత్రం, మీరు, నేను, అంతే. నాకు ఇంకా కొంచెం కోపం ఉంది. దాన్ని కూడా ఒక మూల స్టూలు మీద నోరు మూయించి కూర్చోబెడతాను.

కమిటీకి ఇరవై మూడు రోజులున్నాయి.

డాక్టరమ్మ

*

ఇంటి వరండా,
ఆగస్టు 22

అమ్మాయికి,

సోమవారం పొద్దున బండికి వస్తున్నాను. చెయ్యి వణుకుతోంది. పది గంటల లోపు తక్కువ వణుకుతుంది. యంత్రం సిద్ధంగా ఉంచు.

బావమరిదికి నిజం చెప్పేశాను.  

"అంటే నేను ఉన్నానో లేనో ఇంకా తెలీదా బావా?"

"తెలీదురా."

"ఎప్పుడు తెలుస్తుంది?"

"కోశాక."

"అయితే కోసేటప్పుడు నేను పక్కనుండాలి" అన్నాడు, కోత తన ఒంటికే అన్నట్టు. వద్దంటే వినలేదు. వాడు కూడా వస్తున్నాడు. వాడు మాట్లాడకుండా ఉంటాడని మాత్రం మాటివ్వలేను.

బాబాయ్

*

కణజాల గది,
సెప్టెంబరు 16

బాబాయ్‌కి,

గారు తీసేశాను. స్టూలు మీద కూర్చోబెట్టిన నా కోపం మీరు మొదటి దిమ్మ కోస్తుండగానే లేచి వెళ్ళిపోయింది. మీరు దిమ్మ మీద వంగి, కళ్ళు మూసుకుని, ఒక్క ఊపిరి వదిలారు. చెయ్యి యంత్రం చక్రం మీద పడగానే వణుకు ఆగిపోయింది. రిబ్బను వచ్చింది. మీ బావమరిది నా చెవిలో "వస్తున్నానా? నేను వస్తున్నానా?" అని అడుగుతూనే ఉన్నారు. ఆయన్ని ఎలుకల గది చూసిరమ్మని పంపింది అందుకే. ఎలుకలకి ఏం చెప్పారో గాని ఆ రోజంతా అవి మేత ముట్టలేదు.

ఇక లెక్క. నాలుగు దిమ్మలూ చూశాను. ఇప్పుడు మాకు ఒక రంగు ఉంది. తెల్లకణం తానుగా విప్పిన దారానికే అంటుతుంది, చితికి సాగినదానికి అంటదు. ఏడో పేజీలో ఉన్న ఎలుకదే ఎడమ ఊపిరితిత్తిలో, అంతే మేర లెక్కపెడితే: అత్తగారు ముప్ఫై ఎనిమిది, మామగారు పద్నాలుగు, బావమరిది నాలుగు. మీరు నొక్కిన కుడి వైపు ఇరవై ఆరు. అంటే ఇరవైకి పైగా మీ పట్టకారు పుణ్యమే. కానీ నాలుగు ఉన్నాయి బాబాయ్! అంచున కాదు, లోతున. గాలి గదుల గోడలకి చుట్టుకుని, తలో దిక్కుకీ. ఆ చుట్టుకున్న చోటల్లా గోడ కణాలు పగిలి ఉన్నాయి.

పదో తారీఖున ఇవే చూపించాను, రెండూ పక్కపక్కనే. అధ్యక్షుడు గారు కళ్ళజోడు తీసి, "అంటే మీ పాత స్లైడ్లు తప్పని మీరే ఒప్పుకుంటున్నారా?" అన్నారు.

"ఒప్పుకుంటున్నానండీ."

"మరి వాటిని ఉంచమని ఎలా అడుగుతున్నారు?"

"తప్పని తెలిసింది కాబట్టి. సరిచూసుకోవడానికి రెండో వైపు ఈ అలమరలోనే ఉంది. పోయినేడు ఆ రెండో వైపుని పారేసి ఉంటే, ఇరవై ఆరే నిజమని నేను చెప్పేదాన్ని, మీరు చప్పట్లు కొట్టేవారు."

చివర కూర్చున్న ఒకాయన మాత్రం చప్పట్లు కొట్టేశారు. ఎందుకు కొట్టారో తర్వాత ఆయనకే తెలియలేదు.

గదిలో సగం పోయింది. గోడ కట్టి ఆ సగంలో కుర్చీలు వేస్తారు. అలమరలు నాలుగూ ఉంటాయి, ఇరుక్కుని. మైనం దిమ్మ ఒక్కటీ కదలదని రాసిచ్చారు.

దీన్నంతా ఒక వ్యాసంగా రాశాను. నెలాఖరుకి అచ్చుకి వెళ్తుంది. మీ సంగతి రెండుచోట్ల ఉంది. లోపల, 'కుడి ఊపిరితిత్తుల ముక్కలు ఒక ఉద్యోగి పొరపాటు వల్ల నొక్కుకుపోయినవి, లెక్కకు పనికిరావు' అని. చివర కృతజ్ఞతల్లో, ఎడమ దిమ్మలు దాచి, కోసి ఇచ్చినందుకు మీ పూర్తి పేరు. మొదటిచోట ఎవరికీ తెలియదు, కంగారుపడకండి. సరేనంటే పంపేస్తాను.

మీ డాక్టరమ్మ

*

ఇంటి వరండా,
సెప్టెంబరు 23

అమ్మాయికి,

గది ఉన్నందుకు సంతోషం. సగమైనా.

బావమరిదికి నాలుగని చెప్పాను. ఇరవై ఆరు నుంచి నాలుగుకి పడ్డందుకు దిగులుపడతాడనుకున్నాను. "అబద్ధం ఇరవై ఆరు కన్నా నిజం నాలుగు మేలు కదా బావా" అన్నాడు. నిజంగా వాడే అన్నాడు. నేను కల్పించలేదు. మంగలి షాపులో మళ్ళీ వరస చివర నిలబడుతున్నాడు. నిలబడి, వల గురించి ఇంకా పొడుగ్గా చెప్తున్నాడు.

నీ వ్యాసంలో ఒక మాట సరికాదు. 'ఒక ఉద్యోగి' అన్నావు.

ఆ రోజుల్లో ఆ గదిలో మేం ముగ్గురం ఉద్యోగులం. సీసాలు కడగడానికి ఒకామె ఉండేది. ఎలుకలకి మేత పెట్టడానికి ఒకాయన. ఆమె ఒక్క సీసా పగలగొట్టి ఎరగదు. ఆయన జ్వరమొచ్చినా ఆదివారం కూడా వచ్చి మేత పెట్టి వెళ్ళేవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలున్నారు. ఎవరైనా చదివితే, వాళ్ళమ్మేనేమో, వాళ్ళ నాన్నేనేమో అనుకుంటారు. వాళ్ళు నొక్కలేదు. నేను నొక్కాను.

చివర కృతజ్ఞతల్లో నా పేరు తీసెయ్యి. దిమ్మలు దాచడం, కొయ్యడం నా పని. దానికి జీతమిచ్చారు. ఆ పేరు లోపల, నొక్కిన చోట వెయ్యి. ఇంటిపేరుతో సహా. ఎందుకు నొక్కానో కూడా రాయి, ఫోటో టైము అయిపోతోందని. తర్వాత వచ్చేవాళ్ళు తేలే ముక్క దగ్గర కాసేపు కూర్చుంటారు.

ఇది విని నా భార్య, "జన్మకి ఒక్కసారి పేరు అచ్చవుతుంటే తప్పు కిందా?" అంది. అత్తగారు పక్క గదిలోంచి, "గేటు దగ్గర తొందరపెట్టింది నేను. నా పేరు కూడా వెయ్యమను" అన్నారు. ఆవిడ మాట నువ్వు పట్టించుకోవద్దు. పట్టించుకోకపోతే ఏమవుతుందో నీకు తెలుసు. కాబట్టి నీ ఇష్టం.

నా పేరు మాత్రం అక్కడే వెయ్యి. వేస్తానని ఒక్క ముక్క రాయి. నెలాఖరంటే వారమే ఉంది. ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయి తల్లీ.

బాబాయ్